గాజు రొయ్యల ముచ్చట: నా సేవకే సచ్చినయి

(నల్లగొండల అక్వేరియం పెంచేటోళ్ళం ఒక ఆదివారం పొద్దున కూసున్నప్పుడు మాట్లాడింది. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు రాసినం, మధ్యల చాయ్ వచ్చినప్పటి లొల్లి మాత్రం తీసేసినం.)

అందరికీ నమస్తే. వెనకాల దాంక వినొస్తుందా? తమ్ముడూ ఆ పంక ఒక్కటి బంద్ చెయ్యి, లేకుంటే దాని సప్పుడే రికార్డయితది. ఆ, సరే.

నన్ను రొయ్యల గురించి మాట్లాడుమన్నరు. పొద్దున ఇంటికాడ బయల్దేరుతుంటే మా అమ్మ ఏ కూర గురించి చెప్తవ్ రా అని అడిగింది. కూర గాదమ్మా, అద్దాల డబ్బల పెంచుతున్న గదా అవి అంటే, అవి అన్ని కలిపినా ఒక్క పూటకు రావు, దానికి మీటింగ్ ఏంది అన్నది. (నవ్వులు) నిజమే, నా దగ్గరున్నయన్నీ తూకమేస్తే ఒక ఇడ్లీ అంత గూడ తూగవు. ఒక్కోటి ఇంచున్నర ఉంటది, అంతే. బతికేది గూడ ఏడాది, బాగా చూసుకుంటే ఇంకో రెండు మూడు నెలలు.

గోస్ట్ ష్రింప్ అంటరు, గ్లాస్ ష్రింప్ అని గూడ అంటరు, నేను గాజు రొయ్య అంట. అసలుది అమెరికాది, ఫ్లోరిడా దిక్కు చెర్వులల్ల కాల్వలల్ల ఉంటది, శాస్త్రం పేరు పాలీమాన్ పాలుడోసస్, ముందుగాల పేలిమోనిటిస్ పాలుడోసస్ అంటుండె. అక్కడ దీన్ని ముద్దుగ పెంచేటోళ్ళు ఉన్నరు గాని, పెద్ద చేపలకు మేత కింద గూడ అమ్ముతరు, గాలానికి ఎర కింద గుచ్చుతరు. మనకాడ ఈ పేరు మీద అమ్మేటియి అన్నీ అవే అనుకోకుండ్రి, మన నదుల రొయ్య పిల్లలు గూడ ఇదే పేరు మీద కవర్ల వస్తయి. గుర్తు పట్టేది ఎట్లంటే కాళ్ళు చూడాలె. గాజు రొయ్యకు ముందటి రెండు జతల కాళ్ళకు సన్న కత్తెర్లుంటయి, బూతద్దం పెడితే గనీ కనపడవు. మన మ్యాక్రోబ్రాకియం జాతియి అయితే రెండో జత చేతులు పొడుగ్గ, ఒక్కోసారి ఒంటి కంటె పొడుగు పెరుగుతయి, అవి పెరిగినయంటే రాత్రి గప్పీలనే చిన్న చేపల పిల్లల్ని పట్టుకొని తింటయి. నాకు మొదటిసారి ఇచ్చిన పన్నెండిట్ల మూడు అసొంటియే. పొద్దుగాల లేచి చూస్తే గప్పీలు తక్కువ పడుతున్నయి, పిల్లి ఏమన్న అని పిల్లిని తిట్టిన.

సరే, అసలు ముచ్చట. నేను రొయ్యలు ఎట్ల పెంచాలె అని చెప్పేముందు, నేను ఎట్ల సంపిన్నో చెప్త. ఎందుకంటే నా రొయ్యలు పట్టించుకోక సావలే, నేను చేసిన సేవకే సచ్చినయి. మొదటి ఏడాదిల మూడుసార్లు తెచ్చిన, మూడుసార్లు ఖాళీ అయింది.

మొదటిసారి హైదరాబాద్ పోయి పన్నెండు తెచ్చిన, కవర్ల ఆక్సిజన్ కొట్టించుకొని బస్సుల ఒడిల పెట్టుకొని వచ్చిన, పక్క సీటు పెద్దాయన ఖాళీ నీళ్ళ కవర్ ఎందుకయ్యా పట్టుకున్నవ్ అన్నడు, అంటే అంత కనపడవు అన్నట్టు. ఇంటికొచ్చినంక ఆలోచించిన, ఏ నీళ్ళు పోయాలె? మనది నల్లగొండ. ఫ్లోరైడ్ అంటేనే మన పేరు. నాగపూర్‌ల నీరి అనే సంస్థోళ్ళు 1970లల పటిక, సున్నం, బ్లీచింగ్ ఏసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేస్తే దాన్ని ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే అంటరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటె ఎక్కువుంటే తాగొద్దంటరు, మన పాత బోర్లు చాలా అంతకు మించినయే. వంకర్లు పోయిన కాళ్ళు, గార పట్టిన పండ్లు చూసుకుంట పెరిగినోళ్ళం, మనకు బోరు నీళ్ళంటె భయం. అందుకే ఇల్లిల్లుకు ఆర్వో క్యాన్. నేను గూడ మనుషులకే మంచిది గాని నీళ్ళు రొయ్యలకెందుకు అని, మూడు క్యాన్లు తెచ్చి మొత్తం ఆర్వో పోసిన. ఎంత ప్రేమ చూడుండ్రి.

వారం మంచిగనే ఉన్నయి. పదో రోజుకు ఒకటి మూలకు పోయి కూసున్నది. దగ్గరికి పోయి చూస్తే మెడకు, తోకకు మధ్యల తెల్లగ ఉంగరం తొడిగినట్టు చుట్టూ ఒక గీత. తెల్లారి చచ్చింది. తర్వాత ఇంకోటి, మళ్ళ అదే ఉంగరం. ఏందంటే, రొయ్యకు ఎముకలు లేవు, పైపొట్టే దాని ఎముక. అది పెరగాలంటే పొట్టు ఇడవాలె, కుబుసం లెక్క. మెడకాడ పైన అడ్డంగ పగిలి అండ్ల నుంచి వంగి ఒక్క గుంజు గుంజి బయటకొస్తది. కొత్త పొట్టు గట్టిపడాలంటె నీళ్ళల్ల కాల్షియం ఉండాలె. ఆర్వో నీళ్ళల్ల ఏముంటది? మీటరు పెడితే టీడీఎస్, అంటే నీళ్ళల్ల కరిగిన ఉప్పుల లెక్క, 40 చూపిచ్చింది. సున్నం లేని ఇల్లు కట్టమన్నట్టు. పాపం పొట్టు సరిగ్గ పగలక, చుట్టూ పగిలి, అట్లనే ఇరుక్కొని సచ్చినయి.

మన బోరు నీళ్ళు మాత్రం 1100 చూపిచ్చింది, అది గూడ ఎక్కువనే. అప్పుడు లెక్క కట్టిన, ఒక లీటరు బోరుకు నాలుగు లీటర్ల ఆర్వో కలిపితే 250 దగ్గర వచ్చింది, అది సరిపోయింది. ఇప్పుడైతే నల్లాల కృష్ణ నీళ్ళొస్తున్నయి, మా ఇంటికాడ 280 చూపిస్తది, అవే పోస్తున్న. కాకపోతే బ్లీచింగ్ వాసన పోవాలె. బకెట్ల పట్టి ఒక రోజు గాలి బుడగలొచ్చే రాయి ఏసి పెట్టుండ్రి, లేకుంటె షాపుల యాంటీ క్లోరిన్ అని చుక్కల మందు దొరుకుతది, అది ఏసుడే. పట్టణాలల్ల కొన్ని కాడ క్లోరమైన్ (క్లోరిన్, అమోనియా కలిసింది) కలుపుతరు, అది ఊకె పెడితే పోదు, దానికి మందే దిక్కు.

రెండోసారి తొమ్మిది తెచ్చిన. ఇది చెప్పాలంటె నాకు ఇప్పటికి సిగ్గే. మా నాయినకు కనగల్ దిక్కు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. బత్తాయి పెట్టినోళ్ళు ఇక్కడ ఎవరన్న ఉన్నరా? ఆ, అన్నా, మీకు తెలుసు గదా బంక కారుతదని, మొదలుకు ఏం పూస్తం? బోర్డో పేస్ట్. మైలుతుత్తం, సున్నం కలిపి. మైలుతుత్తం అంటే ఏంది, కాపర్ సల్ఫేట్. ఆ బకెటు ఇంటికి తెచ్చినం, మా ఇంటామె రెండుసార్లు సబ్బు పెట్టి తోమింది, అడుగున కొంచెం నీలం మరక ఉండె అంతే. నేను ఆ బకెట్ల నీళ్ళు పట్టి, ఒక రోజు ఆగి మరీ, బుద్ధిగ, పోసిన. సాయంత్రం పోసిన. రాత్రి పదింటికి చూస్తే రొయ్యలు పిచ్చి లేసినట్టు అద్దం మీదికి కింది నుంచి పైకి ఎగురుతున్నయి, నాకేమో అవి ఖుషీ మీద ఉన్నయనిపిచ్చింది, వీడియో తీసి స్టేటస్ గూడ పెట్టిన. (నవ్వులు) తెల్లారేసరికి తొమ్మిదీ అడుగున. గప్పీలకు ఏం గాలే, అవి మామూలుగ తిరుగుతున్నయి.

ఇండ్ల ఇచ్చిత్రం ఏందంటె రొయ్య రక్తంలనే రాగి ఉంటది. మన రక్తంల ఇనుము ఆక్సిజన్ మోస్తది, అందుకే ఎర్రగుంటది, దాని రక్తంల ఆ పని రాగి చేస్తది, హీమోసయనిన్ అంటరు, గాలి తగిలితే సన్నగ నీలం రంగు. అంటే దానికి రాగి పిసరంత కావాలె, నీళ్ళల్ల కొంచెం ఎక్కువైతె ప్రాణమే తీస్తది. చేపలకు మచ్చల రోగం వస్తే ఇచ్చే మందులల్ల చాలాటిల్ల కాపర్ ఉంటది, సీసా మీద చదివి ఎయ్యుండ్రి. అప్పటి నుంచి రొయ్యల బకెట్ వేరే, ఎర్ర బకెట్, దాని మీద పెయింటుతోటి రొయ్య బొమ్మ గీసిన, మా ఇంటామె ఆ బకెట్ ముట్టదు. బొమ్మ తేలు లెక్క వచ్చింది, అందుకు గూడ కావచ్చు.

మూడోసారిది తొందరగ చెప్త. దోమలు. వానాకాలం, కిటికీలు మూసి, దోమల మిషన్ ప్లగ్గుకు పెట్టినం, ఆ ప్లగ్గు సరిగ్గ అక్వేరియం పక్కన. గాలి మోటరు రూముల గాలి గుంజి నీళ్ళల్లకు కొడతది గదా, అంటే ఆ మందును నేనే పైపు పెట్టి నీళ్ళల్లకు ఎక్కిచ్చినట్టు. ఆ మందులు పైరిత్రాయిడ్ జాతియి, పురుగులను సంపేది, రొయ్య గూడ పురుగుల చుట్టమే. మనం పత్తికి కొట్టే మందులల్ల గూడ ఇదే జాతియి ఉన్నయి, అందుకే పొలం కాలువల నుంచి నాచు పీక్కొచ్చి తొట్టిల ఏసేటోళ్ళు జర ఆలోచించుండ్రి. ఒకటి మందు, రెండోది అండ్ల తూనీగ పిల్లలుంటయి, నీళ్ళల్ల ఉన్నప్పుడు అవి పచ్చి రాక్షసులు, రొయ్యను పట్టి నమిలేస్తయి.

ఇగ ఇప్పుడున్న తొట్టి గురించి. అడుగున్నర పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే 40 లీటర్లు, ఇసుక పోను 35. దాంట్ల పది పదిహేను రొయ్యలు హాయిగ ఉంటయి. అడుగున సన్న ఇసుక, స్పాంజి ఫిల్టరు ఒకటి. మోటరుతోటి గుంజే ఫిల్టర్లు ఒద్దు, పిల్లల్ని గుంజేస్తది. లైటు మామూలుది చాలు. మూత మాత్రం ఉండాలె, ఎగురుతయి, మా ఇంట్ల ఒకటి చెప్పుల స్టాండు కింద ఎండి దొరికింది.

నీళ్ళు పోసినంక వెంటనే రొయ్యల్ని ఏసేది గాదు. నెల ఆగాలె. ఎందుకంటె రొయ్య ఏరుగుతది, మిగిలిన మేత కుళ్ళుతది, అండ్ల నుంచి అమోనియా వస్తది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తది, అది గూడ విషమే, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తది, అది అంత ప్రమాదం గాదు, నీళ్ళు మారుస్తే పోతది. ఈ బ్యాక్టీరియా స్పాంజిల కాపురం పెట్టనీకె నెల, నెలన్నర పడ్తది. తొందరుంటె పాలు తోడేసినట్టు చెయ్యుండ్రి, దోస్తు కాడ పాత తొట్టి ఉంటది గదా, ఆ స్పాంజి పిండిన మురికి నీళ్ళు తెచ్చి మీ దాంట్ల పొయ్యిండ్రి, సగం దినాలు తగ్గుతది. ఆ స్పాంజిని నల్లా కింద కడగొద్దు, క్లోరిన్‌కు కాపురం మొత్తం లేసిపోతది, తొట్టిల నుంచి తీసిన నీళ్ళల్లనే రెండుసార్లు పిండుండ్రి. నీళ్ళు గూడ వారానికి ఐదో వంతు మార్చుండ్రి అంతే. ఒక్కసారి సగం మారుస్తే నీళ్ళ రుచి మారి రొయ్య టైం గాకముందే పొట్టు ఇడుస్తది, మెత్తగున్నప్పుడు ఆగమైతది.

తెచ్చినప్పుడు డైరెక్టుగ కుమ్మరించొద్దు. మెడికల్ షాపుల సెలైన్ సెట్ దొరుకుతది, దాని చక్రం తిప్పి చుక్క చుక్క మీ తొట్టి నీళ్ళు ఆ గిన్నెలకు పడనిచ్చుండ్రి, గంట, గంటన్నర. మా బిడ్డ చిన్నది, అది చూసి, నాయినా రొయ్యకు గ్లూకోజ్ ఎక్కిస్తున్నవా అన్నది.

మేత. ఇక్కడ అందరం తప్పు చేస్తం. రోజు విడిచి రోజు ఒక్క గింజ, అంటే మేత గుళిక, పది రొయ్యలకు ఒక్క గింజ చాలు, మూడు గంటల్ల మిగిలింది తీసెయ్యాలె. బీరకాయ తొక్క తీసి సన్న చక్రం కోసి రెండు నిమిషాలు ఉడికిచ్చి ఏస్తే దాని మీద అన్నీ గుండ్రంగ కూసుంటయి, బంతి భోజనం లెక్క. తొక్క ఎందుకు తియ్యాలెనో మందు కొట్టే మనకు చెప్పొద్దు. ఎండిన బాదం ఆకు అన్నిటికంటె మంచిది, బడి కాడ రాలి ఉంటయి గదా, ఎర్రగ గోధుమ రంగుల ఎండినయి, కడిగి ఒకటి ఏస్తే దాని మీద పట్టే జిగటను నెల రోజులు తింటనే ఉంటయి, ఆఖరికి ఆకు ఈనెలు మాత్రం జల్లెడ లెక్క మిగుల్తయి.

ఈ రొయ్యను పెంచుడుల అసలు మజా ఏందంటె, తింటే కనపడ్తది. కడుపు తల వెనకాలనే ఉంటది, అండ్ల నుంచి వీపు పొడుగూత సన్న దారం లెక్క పేగు. పాచి తింటే దారం ఆకుపచ్చగ, ఎర్ర గింజ తింటే నారింజ రంగు. గుండె గూడ కనపడ్తది, టపటప కొట్టుకుంటది. రోగం గూడ అట్లనే కనపడ్తది, ఒళ్ళు గాజు లెక్క ఉన్నంతసేపు బాగున్నట్టు, కండ పాల రంగు తిరిగిందంటె ఏదో తేడా. చచ్చినంక అయితే గులాబీ తెలుపు, ఉడికినట్టు అయితది. అందుకే పొట్టు చూసి చచ్చిందని ఏడ్వొద్దు. నేను ఏడ్సిన, అంటే ఏడ్వలే గాని, తీసి చెత్త డబ్బల ఏసిన. పొట్టు అద్దం లెక్క తెల్లగ, లోపట బోలుగ, మీసాల నుంచి కండ్ల తొడుగుల దాంక అన్నీ ఉంటయి, మెడకాడ చీలిక ఉంటది. దాన్ని అట్లనే ఉంచుండ్రి, అవే తింటయి, ఆ కాల్షియం మళ్ళ వాటికే పనికొస్తది.

ఎండకాలం. మన దగ్గర మే నెలల 44 దాటుతది, తొట్టి నీళ్ళు 33, 34 పోతయి. వీటికి 20 నుంచి 28 బాగుంటది. నీళ్ళు వేడెక్కుతుంటె అండ్ల ఆక్సిజన్ పట్టేది తగ్గుతది, రొయ్యకేమో వేడికి ఆక్సిజన్ ఎక్కువ కావాలె. ఏసీ అక్కర్లే. పాత కంప్యూటర్ల చిన్న ఫ్యాన్ ఉంటది గదా, దాన్ని నీళ్ళ మీదికి గాలి కొట్టేటట్టు పెట్టుండ్రి, ఆ అంచుకు మూత బదులు దోమల జాలి పరవాలె. కుండల నీళ్ళు ఎట్ల సల్లగైతయో అట్లనే, మన ఎండ పొడి ఎండ గనక ఇంకా బాగ పని చేస్తది, మూడు డిగ్రీలు తగ్గుతది. కాకపోతె రోజుకు లీటరు దగ్గర ఆవిరై పోతది. ఇక్కడ చూడుండ్రి, ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పులు అండ్లనే ఉంటయి. తగ్గిన కాడికి మళ్ళ నల్లా నీళ్ళు పోస్తే నెలల 280 ఉన్నది 500 దాటుతది. అందుకని ఆవిరైన దానికి ఆర్వో నీళ్ళు పోయాలె. మొదట ఏ నీళ్ళు పోసి సంపిన్నో, ఇక్కడ ఆ నీళ్ళే కావాలె.

పిల్లల ముచ్చట చెప్పి ఆపేస్త. ఆడదానికి వీపు మీద పచ్చగ జీను లెక్క కనపడ్తది, అవి గుడ్లు. పొట్టు ఇడిసిన రాత్రి మగది కలుస్తది, తెల్లారి ఆ గుడ్లు కడుపు కిందికి దిగి ఉంటయి, ముప్పై, యాభై, కొన్నిటికి ఇంకెక్కువ. ఈత కాళ్ళతోటి వాటిని ఊపుతనే ఉంటది, ఉయ్యాల లెక్క, గాలి తగలాలె గదా. రెండు మూడు వారాలకు గుడ్డుల రెండు నల్ల చుక్కలు కనపడ్తయి. అవి కండ్లు. అప్పుడు తల్లిని వేరే సీసాల పెట్టాలె, పొదిగినంక మళ్ళ తీసెయ్యాలె, లేకుంటె తల్లే తింటది, దానికి బిడ్డ, మేత ఒక్కటే.

ఆ పిల్లలు రొయ్యలెక్క ఉండవు. తల కిందికి, తోక పైకి పెట్టి, నీళ్ళల్ల యాలాడుకుంట యెనక్కి ఈదుతయి. వాటికి గింజలు పనికిరావు. నేను ఐదు లీటర్ల పచ్చడి సీసాల తొట్టి నీళ్ళు పోసి దాబా మీద ఎండకు పెట్టి పచ్చగ చేసిన, ఆ పచ్చ నీళ్ళు రోజు రెండు చెంచాలు, చిటికెల సగం స్పిరులినా అనే నాచు పొడి. ముప్పై పుడితే నాలుగు దక్కినయి. ఇరవై రోజులకు ఒకనాడు పొద్దుగాల చూస్తే ఒకటి సీసా అడుగున కాళ్ళ మీద నిలబడి ఉంది, సూది మొన అంత. నాకు మా బిడ్డ మొదటిసారి నిలబడ్డ దినం గుర్తొచ్చింది, ఇంట్ల చెప్తే నవ్విండ్రు.

ప్రశ్నలేమన్న ఉన్నయా?

(సభల నుంచి: అన్నా, సాగర్ ఎడమ కాలువల నీళ్ళు ఇడిసినప్పుడు తువ్వాలతోటి పట్టే రొయ్యలు పెంచొచ్చా? మాది మిర్యాలగూడ.)

పెంచొచ్చు తమ్మీ, మేం గూడ చిన్నప్పుడు పట్టినం. కాకపోతె చేపలతోటి కలపకు, చెప్పిన గదా చేతులు పెరుగుతయని. రెండు వారాలు వేరే పెట్టు. సర్కారు రిజర్వాయర్ల ఇడిసే నీలకంఠ రొయ్య పిల్ల దొరికితే మాత్రం ఈ తొట్టికి పనికిరాదు, అది జానెడు దాటుతది. అది మంచి నీళ్ళల్ల పెరుగుతది గాని దాని పిల్లలకు ఉప్పు కలిసిన నీళ్ళు కావాలె, సముద్రం మొగ కాడనే బతుకుతయి, అందుకే ఏటేటా తెచ్చి ఇడవాల్సొస్తది. గాజు రొయ్యకు ఆ గోస లేదు, మంచి నీళ్ళల్లనే అన్నీ అయితయి. అట్లని పెంచుడు ఇసుగొస్తే తీస్కపోయి ఉదయసముద్రం చెర్వుల ఇడిసిరాకుండ్రి. గట్లనే ఎవరో అద్దాల తొట్లల్ల పెంచే దక్షిణ అమెరికా సక్కర్ చేపను ఇడిసిండ్రు, ఇప్పుడది చెర్వులల్ల వలలు చింపుతుంది, ముదిరాజ్ అన్నలను అడగుండ్రి దయ్యం చేప అని, తిట్టే తిట్లు వినలేరు.

(సభల నుంచి, ఒక పాప: అంకుల్, కనపడవు అన్నరు గదా, మరి ఎన్ని ఉన్నయో మీకెట్ల తెలుస్తది?)

మంచిగ అడిగినవ్ బిడ్డా. రాత్రి లైట్లన్నీ ఆర్పి టార్చి పక్క నుంచి ఎయ్యాలె. ఒళ్ళు కనపడదు గాని కండ్లు మెరుస్తయి, ఎర్రటి నిప్పు రవ్వల లెక్క. కండ్లు లెక్కబెట్టి సగం చేసుడే. నిన్న రాత్రి నేను లెక్కబెడితే ఇరవై మూడొచ్చినయి. ఒకటి పక్కకు తిరిగి కూసున్నట్టుంది.